చుట్టుదారి పనితనం

2016 అక్టోబరులో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళే ఎయిరిండియా విమానం దారి మార్చింది. అంతకుముందు అది పడమటికి ఎగిరి, ఐరోపా మీదుగా అట్లాంటిక్ దాటి అమెరికా చేరేది. సుమారు 13,900 కిలోమీటర్లు. కొత్త దారిలో తూర్పుకు తిరిగి బంగ్లాదేశ్, మయన్మార్, చైనా, జపాన్‌ల మీదుగా పసిఫిక్ మహాసముద్రం దాటింది. సుమారు 15,300 కిలోమీటర్లు. పాతదానికంటే 1,400 కిలోమీటర్లు ఎక్కువ. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఎగిరినంత, ఆ పైన ఇంకొంత. అయినా పద్నాలుగున్నర గంటల్లో చేరింది, పాత దారికంటే దాదాపు రెండు గంటల ముందు.

ఈ వార్త మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పు అనుకున్నాను. ఎక్కడో రెండు అంకెలు తారుమారై ఉంటాయి, ఎక్కువ దూరం పోయి ముందు చేరడమేమిటి? తప్పు కాదని తేలాక దాని వెంట పడ్డాను. రెండు ఊళ్ళ మధ్య దూరమెంత, విమానంలో ఎన్ని గంటలు అని అడిగితే చేతిలోని ఫోను రెండు అంకెలు చూపించి ఊరుకుంటుంది. మొదటిది కొలత. రెండోది కొలత కాదు, ఒక పని. ఎవరో కూర్చుని, ఆ పూటకు ఆ పూట, చేత్తో చేసినట్టు చేసిన పని. ఆ పనివాళ్ళ నైపుణ్యం గురించే ఈ వ్యాసం.

ముందు దూరం సంగతి తేల్చుకుందాం.

మా ఇంట్లో పిల్లలు ఆడి ఆడి సొట్టలు పోయిన గ్లోబు ఒకటి ఉంది. కుట్టుపెట్టెలోంచి దారం తీసి ఒక కొస ఢిల్లీ మీద, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద ఆనించి బిగించి లాగాను. దారం తూర్పుకు పోలేదు, పడమటికీ పోలేదు. నెత్తికెక్కింది. లడఖ్ మీదుగా సింకియాంగ్, అక్కణ్ణుంచి సైబీరియా, ఆర్కిటిక్ సముద్రం, 75 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి వంపు తిరిగి అలాస్కా, ఆ తర్వాత కిందికి కాలిఫోర్నియా. గుండ్రటి వస్తువు మీద దగ్గర దారి అదే. దాని పొడవు సుమారు 12,400 కిలోమీటర్లు.

బడిలో మా తరగతి గోడకు వేలాడిన ప్రపంచ పటం వేరే మాట చెప్పేది. 1569లో మెర్కేటర్ అనే ఆయన గీసిన పద్ధతిలోది. దాని మీద స్కేలు పెట్టి గీస్తే గీత ఢిల్లీ నుంచి బుద్ధిగా తూర్పుకు సాగి చైనా, జపాన్, పసిఫిక్ దాటి అమెరికాకు తగులుతుంది. అది దిక్సూచి ముల్లును ఒకే కోణంలో పట్టుకుని పోయే నావికుడి దారి. లెక్కకడితే 15,000 కిలోమీటర్లు వస్తుంది. గ్లోబు దారంతో పోలిస్తే 2,600 కిలోమీటర్లు దండగ. పటం ఓడింది, దారం నెగ్గింది అనుకుని గ్లోబును మళ్ళీ బీరువా మీద పెట్టేశాను. కానీ 2016లో విమానం పట్టింది, చూడండి, ఓడిపోయిన పటం దారినే! ఇంచుమించు ఆ స్కేలు గీతే. తరగతిలో దెబ్బలు తిన్న కుర్రాడు ఊరికి కలెక్టరై వచ్చినట్టుంది.

దారం చెప్పిన దారిన ఎందుకు పోరు? మొదటి అడ్డు టిబెట్. విమానం లోపల గాలి ఒత్తిడి హఠాత్తుగా పడిపోతే సీటు పైనుంచి ముసుగులు వేలాడతాయని ప్రయాణం చేసిన వాళ్ళందరికీ తెలుసు. చాలా విమానాల్లో ఆ ముసుగుల్లోని ప్రాణవాయువు పావుగంటకు కొంచెం అటూ ఇటూగా సరిపోతుంది. అది అయిపోయేలోగా పైలట్ విమానాన్ని 10,000 అడుగులకు, అంటే 3,000 మీటర్ల దాకా దించాలి. అక్కడ మనిషి మామూలుగా ఊపిరి తీసుకోగలడు. టిబెట్ పీఠభూమి మీద ఆ పప్పులు ఉడకవు. అక్కడ నేలే సగటున 4,500 మీటర్ల ఎత్తులో ఉంది. దిగడానికి చోటు లేదు. కాబట్టి ఢిల్లీలో లేచిన విమానాలు చాలామటుకు ఆ ఎత్తైన నేలను తప్పించుకుని పడమటికో తూర్పుకో మళ్ళుతాయి. ఆ పైన ఆర్కిటిక్ చలి ఉంది. మన విమానాల్లో పోసే ఇంధనం సున్నాకు దిగువన 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. రెక్కల్లో ఉన్నదంతా ఆ ఇంధనమే. గంటల తరబడి ఆ చలిలో పోతుంటే పైలట్ ఇంధనం జ్వరం చూసినట్టు డిగ్రీలు చూసుకుంటూ కూర్చోవాలి. మరీ చల్లబడితే కిందికి దిగాలి, లేదా వేగం పెంచాలి. గాలి రాపిడికి రెక్క కొంచెం వెచ్చబడుతుంది.

ఇవన్నీ కష్టాలే కానీ దాటలేనివి కావు. దాటిన వాళ్ళ సంగతి తర్వాత చెబుతాను. ఆ అక్టోబరులో చుట్టుదారిని గెలిపించింది మాత్రం గాలి.

మా ఊళ్ళో ఒక పెద్దాయన ఉండేవాడు. ఎవరి పిల్లలు అమెరికా వెళ్తున్నారన్నా ఆయనది ఒకటే ప్రశ్న. "ఏరా అబ్బాయ్, పైకి లేచి ఊరికే ఆగితే సరిపోదూ? కింద భూమి తిరుగుతూనే ఉంటుంది గదా. అమెరికా కిందికొచ్చాక దిగొచ్చు గదా?" అందరం నవ్వేవాళ్ళం. గాలి కూడా భూమితోపాటే తిరుగుతుంది తాతా అని పాఠం చెప్పేవాళ్ళం. ఇప్పుడు ఆలోచిస్తే ఆయనకు సగం మార్కులైనా వేయాల్సింది. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతుంది. 30 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఆ వేగం 1,450 లోపే. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి లేచిన గాలి ఉత్తరానికి మళ్ళినప్పుడు, తనతో తెచ్చుకున్న వేగాన్ని అంత తేలిగ్గా వదులుకోదు. కింద నేల వెనకబడుతుంది, పైన గాలి ముందుకు పోతుంది. దానికి తోడు ఉత్తరాన సైబీరియా చలి, దక్షిణాన వెచ్చటి సముద్రం. ఈ తేడా జపాన్ మీద చలికాలంలో పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున గాలిని నదిలా పరిగెత్తిస్తుంది. గంటకు 300 కిలోమీటర్ల వేగం అక్కడ వింత కాదు. అదే జెట్ స్ట్రీమ్.

దాన్ని మొదట కొలిచిన మనిషి కథ చెప్పకుండా ముందుకు పోలేను. జపాన్‌లో తతెనో అనే చోట వాతావరణ పరిశోధనశాల ఉంది. అక్కడ వసబురో ఓయిషి 1920లలో బెలూన్లు వదిలి, దుర్భిణితో వాటి వెంట చూపు పరిగెత్తించి, పైగాలి ఎంత వేగంతో పోతోందో కొలిచాడు. తన ఫలితాలు లోకమంతా చదవాలని 1926లో వాటిని ఎస్పెరాంతో భాషలో అచ్చువేశాడు. అందరి భాష కావాలని పుట్టించిన భాష అది. ఎవరూ చదవలేదు! రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో, జపాన్ మీదికి పోయిన అమెరికా బాంబర్లు ఆ గాలికి అడ్డంపడి, వేసిన బాంబులు ఎక్కడెక్కడో పడుతుంటే తప్ప బయటివాళ్ళకు దాని సంగతి సరిగ్గా తలకెక్కలేదు. 1952 నవంబరులో పాన్ అమెరికన్ సంస్థ ఆ గాలి నదిలోకి కావాలనే విమానాన్ని దింపింది. టోక్యో నుంచి హొనొలులుకు 18 గంటల ప్రయాణం పదకొండున్నర గంటలకు తగ్గింది. యంత్రం మారలేదు, ఊళ్ళు దగ్గరపడలేదు. దారి ఎంచుకోవడం తెలిసింది, అంతే.

గోదావరి మీద లాంచీ నడిపే సరంగుకు ఈ కిటుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రాజమండ్రి వైపు దిగేటప్పుడు నడి ఏట్లో, ప్రవాహం జోరుగా ఉన్నచోట పడవను వదులుతాడు. పైకి ఎక్కేటప్పుడు ఒడ్డు వారగా, నీరు మందంగా ఉన్నచోట పట్టిపట్టి పోతాడు. అవే రేవులు, అదే దూరం. పోను ఒక దారి, రాను ఒక దారి. 1931లో ఎర్నెస్ట్ జెర్మెలో అనే జర్మన్ గణితవేత్త ఈ సరంగు విద్యకు సమీకరణాలు రాశాడు. ప్రవాహం చోటుచోటుకూ మారుతుంటే, ఎటు ముక్కుపెట్టి పోతే అన్నిటికంటే తక్కువ సమయం పడుతుంది అన్నది ఆయన ప్రశ్న. ఇవాళ విమానాల దారి వెతికే కంప్యూటర్లన్నీ ఏదో ఒక రూపంలో ఆ ప్రశ్నకే జవాబు వెతుకుతున్నాయి.

పెద్ద విమానం గాలిలో పోయే వేగం గంటకు సుమారు 900 కిలోమీటర్లు. 15,300 కిలోమీటర్లను పద్నాలుగున్నర గంటలతో భాగిస్తే 1,055 వస్తుంది. అంటే గాలి ప్రతి గంటకూ సగటున 150 కిలోమీటర్లు ఉచితంగా మోసుకుపోయింది. ఇంకో వైపు నుంచి చూడండి. పద్నాలుగున్నర గంటలూ గంటకు 900 చొప్పున ఆ విమానం గాలిని కోసుకుంటూ పోయిన దూరం 13,050 కిలోమీటర్లే. పాత దారిలో పదహారున్నర గంటలనుకుంటే, కోసుకుపోయిన గాలి 14,850 కిలోమీటర్లు. నేల మీద కొలిస్తే కొత్త దారి పొడుగు, గాలిలో కొలిస్తే అదే పొట్టి. ఈ పనివాళ్ళ కాగితాల మీద రెండు దూరాలూ పక్కపక్కన ఉంటాయి, నేల దూరం, గాలి దూరం అని. వాళ్ళు నమ్ముకునేది రెండోదాన్ని. ఈ సంగతి అర్థమైన రోజు నాకు గ్లోబూ పటమూ రెండూ అబద్ధాలకోరులుగా కనిపించాయి.

ఇక ఆ కాగితం. దాన్ని ఫ్లైట్ ప్లాన్ అంటారు. తయారుచేసే మనిషి ఫ్లైట్ డిస్పాచర్. మనకు టికెట్ మీద ఆయన పేరు కనబడదు, విమానంలో ఆయన గొంతు వినబడదు. ఎక్కడో కిటికీలు లేని గదిలో నాలుగు తెరల ముందు కూర్చుని ఉంటాడు. అమెరికా చట్టం ప్రకారమైతే ఆ ప్రయాణం భద్రతకు పైలట్‌తో సమానంగా ఆయనా బాధ్యుడు. పోచంపల్లి నేతలో మగ్గం ఎక్కకముందే నూలుకు కట్లు కట్టి రంగులద్దుతారు. పువ్వు ఎక్కడ పడాలో, అంచు ఎక్కడ తిరగాలో నేత మొదలవకముందే దారంలో నిర్ణయమైపోతుంది. ఫ్లైట్ ప్లాన్ కూడా అలాంటిదే. చక్రం కదలకముందే పద్నాలుగు గంటల తర్వాత ఏ నిమిషానికి ఎక్కడుంటారో, అప్పటికి ట్యాంకులో ఎంత మిగులుతుందో అందులో వేసి ఉంటుంది.

పేజీల కొద్దీ గళ్ళు. ఒక్కో వరుసలో ఆకాశంలోని ఒక చోటు. దానికి ఐదక్షరాల పేరు. చాలామటుకు ఏ భాషలోనూ అర్థం లేని పేర్లు, కానీ ఏ దేశపు పైలట్ నోరైనా తిరిగేలా కూర్చినవి. పేరు పక్కన అక్కడికి దూరం, ఎత్తు, అక్కడ వీచే గాలి, చలి, పట్టే నిమిషాలు, మిగిలే ఇంధనం. పసిఫిక్ మీద ఈ చోట్లను కలిపే దారులు ఏ రోజుకారోజు మారతాయి. ఒకవైపు అమెరికాలోని ఓక్లాండ్ కేంద్రం, మరోవైపు జపాన్‌లోని ఫుకువోకా కేంద్రం ఆ రోజు గాలి చూసి ఇవాళ్టి బాటలివీ అని ప్రకటిస్తాయి. నిన్నటి బాట ఇవాళ ఉండదు. నీళ్ళ మీద గీతలంటే మనం వెక్కిరింతగా అంటాం. వీళ్ళు గాలి మీద గీసి, వందల విమానాలను వాటి మీద నడిపిస్తున్నారు.

ఎత్తుల గడి నాకు బాగా నచ్చింది. తూర్పుకు పోయే విమానాలకు బేసి వేల అడుగులు, పడమటివాటికి సరి వేలు. చైనాలోకి వెళ్ళగానే లెక్క అడుగుల నుంచి మీటర్లకు మారుతుంది. బయలుదేరేటప్పుడు విమానం బరువుతో ఆయాసపడుతుంటుంది, బాగా ఎత్తుకు ఎక్కలేదు. గంటకు ఏడెనిమిది టన్నుల ఇంధనం కాలి తేలికపడేకొద్దీ మెట్లెక్కినట్టు 31,000, 33,000, 35,000 అడుగులకు పోతుంది. అయితే జోరుగాలి ఏ మెట్టు మీద ఉందో చూసుకోవాలి కదా. ఒక్కోసారి విమానం ఒంటికి పై మెట్టు హాయి, ప్రయాణానికి కింది మెట్టు లాభం. ఎక్కడ ఎక్కాలి, ఎక్కకుండా ఎంతసేపు ఉండాలి అన్నది ఆ గడిలో తేలుతుంది.

ఇంధనం గడిలో ఇంకో తమాషా. ఇంధనాన్ని మోయడానికీ ఇంధనం కావాలి. పైలట్లు వాడే మోటు లెక్క ఒకటుంది. అదనంగా వేసుకున్న బరువులో గంటకు మూడు, నాలుగు శాతం దాన్ని మోయడానికే కాలిపోతుంది. పద్నాలుగున్నర గంటల ప్రయాణంలో ఒక టన్ను ఎక్కువ వేసుకుంటే, దిగేసరికి అందులో మూడో వంతుకు పైగా ఉండదు. దిగాక ఒక టన్ను మిగలాలంటే బయలుదేరేటప్పుడు టన్నున్నర వేసుకోవాలి. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఫ్రీమాంట్‌లో కొడుకు ఇంటికి వెళ్తున్న తల్లి పెట్టెలో పెట్టిన కిలో ఆవకాయ సీసాకూ ఇదే లెక్క. అది సముద్రం దాటడానికి దగ్గరదగ్గర అరకిలో ఇంధనం ఖర్చవుతుంది. అయినా ఏ డిస్పాచరూ ఆవకాయ వద్దనడు. అందరి పెట్టెల బరువూ ముందే లెక్కగట్టి ఉంచుతాడు.

ఇక ఇంధనం వాటాలు. నేల మీద నడవడానికి కొంత, ప్రయాణానికి కొంత, గాలి లెక్క తప్పితే వాడుకోవడానికి కొంత, శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగడం కుదరకపోతే పక్క ఊరికి పోవడానికి కొంత, అన్నీ అయ్యాక చిట్టచివరికి ఎట్టి పరిస్థితిలోనూ ముట్టకూడని అరగంట నిల్వ. శాన్‌ఫ్రాన్సిస్కో పొగమంచుకు పేరుమోసిన ఊరు. పక్క ఊరంటే అఖాతానికి అవతలి ఒడ్డునే ఓక్లాండ్ ఉంది, దగ్గర, చవక. కానీ ఇటు మూసిన మంచు అటూ మూస్తే? ఇలాంటిచోట కంప్యూటర్ చవకది చూపిస్తుంది, అనుభవమున్న డిస్పాచర్ ఇంకాస్త దూరపు ఊరు రాస్తాడు. పనితనం అంటే నాకు ఇక్కడ కనిపించింది.

ఇంకొక గడి ఉంది. సముద్రం మధ్యలో ఏదైనా జరిగితే వెనక్కి పోవాలా, ముందుకు పోవాలా? దారికి సగంలో అని ఎవరైనా అంటారు. కాదు. రెండు విమానాశ్రయాల మధ్య 3,600 కిలోమీటర్ల నీరు ఉందనుకోండి. లెక్క తేలిక కోసం విమానం వేగం 900, వెనక నుంచి తోసే గాలి 150 అనుకుందాం. ముందుకు పోతే గంటకు 1,050, వెనక్కి తిరిగితే 750. మొదటి ఊరు దాటి 1,500 కిలోమీటర్లు వచ్చేసరికే రెండూ సమానం. వెనక్కి 1,500 కిలోమీటర్లు రెండు గంటలు, ముందుకు 2,100 కిలోమీటర్లూ రెండు గంటలే. సగం దూరం రాకముందే ముందుకు పోవడం మేలైపోయింది. గాలి మారితే ఈ చుక్క జరుగుతుంది. ఫ్లైట్ ప్లాన్‌లో దాన్ని నిమిషంతో సహా వేసి ఉంచుతారు, ఆ క్షణంలో పైలట్ ఆలోచిస్తూ కూర్చోకూడదని.

రెండు ఇంజన్ల విమానం ఒక ఇంజన్ ఆగినా నిర్ణీత సమయంలో ఏదో ఒక నేలను అందుకోవాలి. ఉత్తర పసిఫిక్‌లో బోయింగ్ 777కు 2000లో 207 నిమిషాల దాకా అనుమతి వచ్చింది. అందుకే ఆ ప్లాన్లలో చిత్రమైన ఊళ్ళ పేర్లు దొరుకుతాయి. అలాస్కాలో కోల్డ్ బే, కొద్దిమంది మనుషులు, యుద్ధకాలంలో వేసిన మూడు కిలోమీటర్ల పొడుగు రన్‌వే. సముద్రం మధ్యలో మిడ్‌వే దీవి, ఆల్బట్రాస్ పక్షుల రాజ్యం. ఎవరూ దిగాలని కోరుకోని ఊళ్ళు, ప్రతిరోజూ వాతావరణం కనుక్కోవలసిన ఊళ్ళు. ఆ పేర్లు అలంకారానికి రాయరు. 2023 జూన్ 6న ఇదే ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం రష్యా మీదుగా పోతుంటే ఒక ఇంజన్‌లో ఇబ్బంది వచ్చింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బందితో మగదాన్ అనే దూరప్రాచ్యపు పట్నంలో క్షేమంగా దిగింది. ఇంకో విమానం వచ్చేదాకా రెండు రోజులు అక్కడే తాత్కాలిక వసతుల్లో గడపడం వాళ్ళకు నరకమే అయి ఉంటుంది. దిగడానికి ఒక మగదాన్ ఉండేలా దారి వేయడం మాత్రం మంచి పని.

టికెట్ మీద అచ్చయ్యే గంటల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను, అందులో నైపుణ్యం కంటే బేరం పాలు ఎక్కువ. చక్రాల కింద దిమ్మలు తీసిన క్షణం నుంచి అవతలి ఊళ్ళో మళ్ళీ దిమ్మలు పెట్టేదాకా లెక్కించి దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం పట్టికలు మారతాయి. కొన్ని నెలల గాలి మొత్తాన్ని ఒక్క అంకెలో ఇమడ్చాలి కాబట్టి కొంచెం వదులుగా కుడతారు, ఎదిగే పిల్లాడి చొక్కాలా. ఇరవై నిమిషాలు ముందే దిగామని మనం మురిసిపోయేది ఆ వదులు చూసే.

గడియారాల గారడీ వేరే. అక్టోబరులో ఢిల్లీకీ శాన్‌ఫ్రాన్సిస్కోకీ పన్నెండున్నర గంటల తేడా. పద్నాలుగున్నర గంటలు ఎగిరితే, తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరినవాడు అదే రోజు ఆరింటికి దిగుతాడు. కాగితం మీద రెండు గంటల ప్రయాణం! నడుము మాత్రం పద్నాలుగున్నరకే లెక్క చెబుతుంది.

ఇక తిరుగు ప్రయాణం. అటు తోసిన గాలి ఇటు రొమ్ము మీద తంతుంది. సరంగు ఒడ్డు పట్టినట్టు, విమానం కూడా గాలి నదికి పక్కగా తప్పుకోవాలి. ఆ నదికి ఒడ్డు ఎక్కడుంది? ధ్రువం దగ్గర. 2021 జనవరి 9 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో లేచిన ఎయిరిండియా విమానం ఉత్తర ధ్రువం మీదుగా ఎగిరి బెంగళూరులో 11వ తేదీ తెల్లవారుజామున దిగింది. రెండు ఊళ్ళకూ తిన్నటి దూరం సుమారు 14,000 కిలోమీటర్లు, ప్రయాణం దాదాపు 17 గంటలు. పదో తేదీ ఆకాశంలోనే పుట్టి ఆకాశంలోనే గడిచిపోయింది. పైలట్లు నలుగురూ ఆడవాళ్ళే. జోయా అగర్వాల్ సారథి, ఆమెతో పాపగారి తన్మయి, ఆకాంక్ష సొనావరే, శివానీ మన్హాస్. పాపగారి అన్న ఇంటిపేరు వినగానే తెలుగు చెవి నిక్కబొడుచుకుంటుంది. ధ్రువం దగ్గర దిక్సూచి ముల్లును నమ్మడానికి లేదు. భూమధ్యరేఖ పైన నిలిపిన ఉపగ్రహాలు అక్కడికి తొంగిచూడలేవు, కాబట్టి రేడియో మాటలకు వేరే ఏర్పాటు కావాలి. ఇంధనం చలి సంగతి సరేసరి. సూర్యుడిలో తుపాను రేగితే ఆ రోజుకు ఆ దారే మూసుకోవాలి. ఆ కష్టాలన్నిటికీ ముందే కాగితం మీద జవాబులు రాసుకుని ఎక్కారు వాళ్ళు. గ్లోబు మీద నా దారం చెప్పిన మాట అలా మళ్ళీ నిజమైంది, పడమటికి వచ్చేటప్పుడు.

ఏ దారి తెరిచి ఉంటుందో గాలి ఒక్కటే నిర్ణయించదు. 2025 ఏప్రిల్ చివర్లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక పడమటి దారులన్నీ పొడుగైపోయాయి, డిస్పాచర్లు మళ్ళీ మొదటి గడి నుంచి లెక్కలు వేసుకున్నారు.

వాళ్ళ ముందు తెర మీద రంగురంగుల బాణాలుగా కనిపించే గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? ప్రపంచం మొత్తానికి పైగాలి అంచనాలు ఇచ్చే కేంద్రాలు రెండే, లండన్ పేరున ఒకటి, వాషింగ్టన్ పేరున ఒకటి. రోజుకు నాలుగుసార్లు. విమానాలు కూడా పోతూ పోతూ తమ చుట్టూ గాలి ఎంతుందో చెబుతుంటాయి. వీటితోపాటు ఓయిషి బెలూన్ ఇప్పటికీ పనిలోనే ఉంది. మన దేశంలో విశాఖపట్నం, మచిలీపట్నం, హైదరాబాద్‌లలోనూ వాతావరణ శాఖ వాళ్ళు బెలూన్లు వదులుతారు. ఇలాంటి బెలూన్ల కొలతలతోనే పి. కోటేశ్వరం అనే తెలుగు శాస్త్రవేత్త 1958లో ఒక వ్యాసం రాశాడు. వర్షాకాలంలో దక్షిణ భారతం మీద, 14, 15 కిలోమీటర్ల ఎత్తున, తూర్పు నుంచి పడమటికి పరిగెత్తే ఇంకో గాలి నది ఉందని చూపించాడు. తర్వాత ఆయనే ఆ శాఖకు అధిపతి అయ్యాడు. ఓయిషిలా కాకుండా ఆయన ఇంగ్లీషులో రాశాడు కాబట్టి లోకం వెంటనే చదివింది.

బెలూన్లకు ప్రపంచమంతటా ఒకటే వేళ. మన గడియారంలో ఉదయం ఐదున్నర, సాయంత్రం ఐదున్నర. ఆ లెక్కకు అందేలా కాస్త ముందుగానే వదులుతారు. రేపు పొద్దున మచిలీపట్నంలో తెల్లటి బెలూన్ ఒకటి చేతిలోంచి జారి సముద్రం మీది మబ్బుల్లోకి పోయే వేళకు ఢిల్లీలోనూ ఒకటి లేస్తుంది. అప్పుడు జపాన్‌లో ఉదయం తొమ్మిది కావస్తుంటుంది, వందేళ్ళ కింద ఓయిషి దుర్భిణి పట్టుకుని నిలబడ్డ తతెనోలో ఇంకొకటి లేస్తుంది. ఓక్లాండ్‌లో ఇంకా నిన్నటి సాయంత్రమే. అక్కడ కూడా ఎవరో ఒకరు బెలూన్‌కు దారం ముడివేస్తుంటారు.